మారక విలువ

చట్రం మూలలకు జిగురు పెట్టి బిగించాక, అది ఆరేదాకా చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ కాసేపట్లో నేను పేపరు చదువుతాను. మా పటాల కొట్టు అమీర్‌పేటలో, మైత్రివనం వెనక సందులో ఉంది. చుట్టూ కోచింగ్ సెంటర్లే. కోర్సులు పూర్తి చేసిన పిల్లల సర్టిఫికెట్లకు, ఇళ్లలో పూజించుకునే దేవుళ్లకు, మావాళ్లు గోడలకు తగిలించుకునే బైబిలు వాక్యాలకు పటాలు కట్టడం నా పని. నేను తెనాలిలో పదో తరగతి వరకు చదివాను. ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలుగు మాత్రం తడుముకోకుండా చదువుతాను. ఆ తెలుగే నన్ను నలుగురిలో నిలబెడుతుందని అప్పట్లో తెలియదు.

పేపరు లోపలి పేజీలో, ఓ మూలన, చిన్న గడి ఒకటి వస్తుంది. పైన 'రూపాయి మారక విలువ' అని ఉంటుంది. కింద డాలరుకు ఇంత, పౌండుకు ఇంత అని అంకెలుంటాయి. దాన్ని ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను. నాకు అర్థం కానిది ఒక్కటే. తినక అంటే తినకుండా. తాగక అంటే తాగకుండా. మరి మారక అంటే మారకుండా అనే కదా. మారకుండా ఉండే విలువ అని పైన రాసి, కింద రోజుకో అంకె వేస్తారేమిటి?

నాకు నేనే ఓ సమాధానం చెప్పుకున్నాను. సీసా మీద అచ్చు వేసిన ధర ఒకటి, కొట్టువాడు చెప్పే ధర ఒకటి ఉన్నట్టు, ప్రభుత్వం దగ్గర కదలని ధర ఒకటి ఉంటుంది కాబోలు, బజారు మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది కాబోలు అనుకున్నాను. మార్పు లేనివాడు దేవుడొక్కడే అని నమ్మేవాణ్ణి. రూపాయిలో కూడా మారనిది ఏదో ఉందంటే కొంచెం వింతగానే ఉండేది. ఎవరినీ అడగలేదు. పటాలు కట్టుకునేవాడికి డాలరుతో పనేముంది?

పని పడింది. మా సందు చివర, టిఫిన్ సెంటర్ మేడ మీద రాజనర్సయ్య ఆఫీసు ఉంది. కాశీకి, షిర్డీకి, రామేశ్వరానికి యాత్రికుల్ని తీసుకెళ్తాడు. ఆయన గోడ మీద ఉన్న దేవుళ్లందరికీ పటాలు కట్టింది నేనే. ఆ ఏడాది యెరూషలేము వైపు పరిస్థితులు కుదుటపడ్డాక, మొదటిసారిగా అక్కడికి యాత్ర పెట్టాడు. కరపత్రాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అన్నా, కాశీ తిప్పిన, ఇగ మీ దేవుని ఊరు సుత తిప్పుత. మీ చర్చిల జర చెప్పు. నీ మాటంటె అందరింటరు."

కరపత్రం శ్రద్ధగా చదివాను. చివర్లో ఇలా ఉంది: 'సొమ్మును మూడు వాయిదాలలో, డాలరు మారక విలువ ప్రకారం చెల్లించవలెను.'

నా ప్రాణం కుదుటపడింది. ఎంత నిజాయితీ గలవాడు! బజారు ధర కాదు, మారని ధర పెట్టాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరు అయ్యగారి అనుమతి తీసుకుని లేచి నిలబడి యాత్ర సంగతి చెప్పాను. ఎర్రమంజిల్ వెనక మా చర్చి చిన్నది. అందరం అందరికీ తెలుసు. నా మాట అయ్యాక ఆడవాళ్ల వరసలో నుంచి బుచ్చమ్మ లేచింది. సోమాజిగూడలో ఓ ఆసుపత్రిలో ఆయమ్మగా చేసి, మోకాళ్లు సహకరించక మానేసిన మనిషి. బస్తీలో ఒంటి గదిలో ఉంటుంది.

"వందనాలన్నా. గలిలయ సముద్రం సుత చూపిస్తరా?"

"చూపిస్తారు బుచ్చమ్మా. పడవ ఎక్కిస్తారు."

బుచ్చమ్మది మెదక్ వైపు పల్లె. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. మా చర్చిలో సగంమంది కోస్తా వాళ్లం. వేసవికి ఊరెళ్లి వచ్చి బాపట్ల, సూర్యలంక అని మాట్లాడుకుంటుంటే వింటూ కూర్చునేది. ఒకసారి నా భార్య కృపామణి, "మాతో రా బుచ్చమ్మా, చూపిస్తాను," అంటే, "ఇన్నేండ్లు చూడలే వదినా. చూస్తె ప్రభువు నడిచిన సముద్రమే చూస్త," అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ బుచ్చమ్మ ఇప్పుడు కరపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పోయెటాల్లకు రేటు పెంచరు గదన్నా? పెంచితె నాతోని కాదు."

"పెంచరు. ఇదిగో, అచ్చులోనే ఉంది. మారక విలువ. మారదు."

"నువ్వు చదివినవ్ గద, సాలు," అంది.

మర్నాడే, పని మానేసినప్పుడు ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన సొమ్ములోంచి తీసుకెళ్లి మూడు వాయిదాలూ ఒకేసారి కట్టేసింది. ఇంట్లో ఉంటే కరిగిపోతాయంది. మేమిద్దరం రెండు వాయిదాలు కట్టాం. మా చర్చి కోశాధికారి సైలస్ మాత్రం, పేరు రాయించుకోవడానికి కాస్త ఇచ్చి ఊరుకున్నాడు. ఎర్రమంజిల్ సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రోజూ ఫోనులో డాలరు రేటు చూసే అలవాటుంది.

"ఇప్పుడు డాలర్ మీద ఉన్నదన్నా. దిగుతది. దిగినంక ఒక్కటేసారి కడ్త. తెలివి ఉండాలె," అన్నాడు.

డాలరు దిగలేదు. ఎక్కింది. ఎక్కుతూనే ఉంది. నేను మాత్రం పేపర్లో గడిని చూసి చిరునవ్వు నవ్వుకునేవాణ్ణి. వాన పడుతుంటే గొడుగు కింద నిలబడ్డవాడి నవ్వు అది.

బయల్దేరే నెల దగ్గర పడ్డాక రాజనర్సయ్య ఫోను చేశాడు. "అన్నా, జర ఇబ్బందయింది. డాలర్ మస్తు ఎక్కింది. ఒక్కొక్కలు ఇంకింత కట్టాలె." ఆయన చెప్పిన అంకె మా ఇద్దరికీ కలిపితే కొట్టు అద్దె దాటిపోయింది. బుచ్చమ్మకైతే చాలా నెలల తిండి.

కరపత్రం జేబులో పెట్టుకుని మేడ ఎక్కాను. సైలస్ అప్పటికే అక్కడున్నాడు. నేను కుర్చీలో కూర్చోకుండానే కరపత్రం విప్పి, ఆ ముక్క మీద వేలు పెట్టాను.

"మీరే రాశారు కదండీ, మారక విలువ అని. మరి ఇప్పుడు మారిందంటే ఎలా?"

రాజనర్సయ్య ఆ ముక్క చూశాడు, నన్ను చూశాడు. అర్థం కాలేదు. సైలస్‌కు ముందుగా అర్థమైంది. పొట్ట పట్టుకున్నాడు.

"అయ్యో యేసురాజన్నా! మారక అంటె మారనిది అనుకున్నవా? మారకం అంటె మార్చుడు! రూపాయి ఇచ్చి డాలర్ తీస్కునుడు! దినాం మారేదే గది!"

"అంటే..."

"అంటె గింటె ఏం లేదు. ఇగ నువ్వు యేసురాజువు గాదే. మారకరాజువు!"

రాజనర్సయ్య కూడా నవ్వాడు. కింద టిఫిన్ సెంటర్ నుంచి టీ తెచ్చిన మనిషి, సంగతి తెలియకపోయినా నవ్వాడు. నేనూ ఏడవలేక నవ్వాను. మెట్లు దిగుతుంటే నలుగురిలో నేను పలికిన మాట ఒక్కటే చెవిలో మోగుతోంది. మారదు. ఇదిగో, అచ్చులోనే ఉంది.

రెండో రోజు బుచ్చమ్మ కొట్టుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కొత్త రబ్బరు చెప్పులు. పడవలో నీళ్లు తగిలినా పాడవకూడదని యాత్ర కోసం కొనుక్కుంది. దారిలో దుకాణం వాడు వాపసు తీసుకుంటాడేమో అడిగి వచ్చిందట.

"తీస్కోడంటన్నా. ఉండనియ్యి, ఇంట్ల తొడుక్కుంట."

"బుచ్చమ్మా, నేను..."

"నీ తప్పేమున్నది? గట్ల రాసినోనిది తప్పు. సముద్రం ఎటు పోతది, గాడనే ఉంటది. నేను రాను. నా పైసలు ఎన్నొస్తె అన్ని వాపస్ ఇప్పియ్యి." కవరు మడుస్తూ, "పూర్తిగ రావంటగా? టికెట్ తీసినంక కోస్తరంట," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె వెళ్లాక ఓ సర్టిఫికెట్టుకు అద్దం తలకిందులుగా ఎక్కించాననుకుని విప్పి మళ్లీ బిగించాను. అద్దానికి తలా కిందా ఉండవు కదా అని తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు నా మనసు అలా ఉంది.

డాలరు ఎందుకు పెరుగుతుందని కొట్టుకొచ్చిన వాళ్లనల్లా అడిగాను. ఒకాయన ముడి చమురు అన్నాడు. ఒకాయన షేర్లలోంచి విదేశాల వాళ్లు డబ్బు తీసేసుకున్నారన్నాడు. బ్యాంకు కోచింగు తీసుకునే పిల్ల ఒకతి, "డాలర్ పెరగలేదంకుల్, రూపాయి తగ్గింది," అంది. అమీర్‌పేట స్టేషన్లో మెట్రో ఎక్కి కూర్చున్నప్పుడు కిటికీ పక్కన ఇంకో రైలుంటే, కదిలింది మనదో వాళ్లదో ఓ క్షణం తెలియదు. ఇదీ అలాంటిదే కాబోలనుకున్నాను. టీ కొట్టతను కప్పు మీద రెండు రూపాయలు పెంచి, డాలరు వల్ల అన్నాడు. డాలరు దిగితే దించుతావా అంటే గిన్నె కడుక్కుంటూ ఉండిపోయాడు. నా పెళ్లినాటికి డాలరు ముప్ఫై చిల్లర. అప్పటికీ ఇప్పటికీ మనం తక్కువ పని చేస్తున్నామా? నేనైతే ఎక్కువే చేస్తున్నాను. మరి నా రూపాయి ఎందుకు చిన్నబోయింది? 

బుధవారం ప్రార్థన అయ్యాక అయ్యగారిని పక్కకు పిలిచాను.

"అయ్యగారూ, ప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు కదా. మార్చడమే తప్పా? లేక ఇంకేదైనానా?"

అయ్యగారు వెంటనే చెప్పలేదు. అది నాకు నచ్చింది. "దూరం నుంచి వచ్చినవాళ్ల చేతిలో రోమా నాణేలుండేవి రాజూ. దేవాలయంలో అవి చెల్లవు. మార్చేవాడు ఉండాల్సిందే. కానీ వచ్చినవాడికి వేరే దారి లేదని తెలిసి, ఈ రోజు నేను చెప్పిందే రేటు అన్నారు చూడు, అక్కడుంది తప్పు." మళ్లీ తనే, "అని నేననుకుంటాను," అన్నారు.

వేరే దారి లేదని తెలిసి. ఆ మాట ఇంటిదాకా నాతో వచ్చింది.

అన్నాలు తింటూ కృపామణికి అంతా చెప్పాను. ఆమె మజ్జిగ పోస్తూ, "నా బంగారం స్కీము ఆపేద్దామండీ. వచ్చిన దాంతో బుచ్చమ్మది కట్టేద్దాం. మీ మాట మీద కట్టింది కదా," అంది. పంజగుట్టలో ఓ నగల కొట్లో ఆమె నెలనెలా కాస్త కడుతోంది. గాజుల కోసం. ఎన్నేళ్ల గాజులో నాకు తెలుసు. వద్దని అనబోయాను. అనలేకపోయాను.

మర్నాడు ఇద్దరం పంజగుట్ట వెళ్లాం. నగల కొట్లో చలి. కౌంటరులో అమ్మాయి కంప్యూటరులో చూసి, "మీకు ఇన్ని గ్రాములు జమయ్యాయి మేడమ్," అంది.

"గ్రాములు కాదమ్మా, డబ్బు ఎంతైందో చెప్పు," అన్నాను. నేనెప్పుడూ ఆ కొట్టు మెట్లెక్కలేదు.

"డబ్బు కాదంకుల్, గ్రాములే. మేడమ్ ఏ నెల కడితే ఆ రోజు రేటుకి గ్రాములు రాసేస్తాం. తర్వాత బంగారం ఎంత పెరిగినా మీ గ్రాములు మీవే. తగ్గవు."

"అంటే మొదటి నెల కట్టినదానికి..."

"మొదటి నెల రేటే. ఈ నెలదానికి ఈ నెల రేటు. ఆపేయమంటారా?"

 తన స్కీము ఇలా నడుస్తుందని కృపామణికి ఎప్పటి నుంచో తెలుసు. కానీ ఆ క్షణాన ఏదో కొత్తగా విన్నట్టు కౌంటరు అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమండీ, బంగారం కొట్టువాడు కట్టిన రోజు రేటు రాస్తాడు. మరి డాలరు కొట్టువాడు ఎందుకు రాయడు?"

నాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం ఆ రోజు మొదటిసారి బాగుందనిపించింది.

"ఆపొద్దమ్మా," అని కౌంటరు అమ్మాయితో చెప్పి, ఈ నెల వాయిదా కూడా కట్టేసి, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఆటో పిలవబోతే వద్దంది. "నడుద్దాం. మాటలు కూర్చుకోవాలి." మెట్రో స్తంభాల నీడలో, హారన్ల మధ్య అమీర్‌పేట దాకా నడిచాం. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో, వాదనో నేనడగలేదు.

మేడ ఎక్కేసరికి సైలస్ అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనం వేళల్లో ఆఫీసు నుంచి వచ్చి, రేటు ఏమైనా దిగిందా అని చూసి పోతుంటాడు.

"రా రా, మారకరాజన్నా! వదినను సుత తెచ్చినవ్? వందనాలు వదినా."

"వందనాలు సైలస్ గారూ. కూర్చోండి, మీరూ వినండి," అని కృపామణి రాజనర్సయ్య ఎదుట కుర్చీలో కూర్చుంది. "అన్నయ్య గారూ, మీ ఆవిడ బంగారం స్కీము కడతారా?"

రాజనర్సయ్య తికమకపడ్డాడు. "కడ్తది వదినా. పంజగుట్టల్నే. ఎందుకు?"

"కిందటేడు కట్టినదానికి ఈ ఏటి రేటు వేస్తామంటే ఊరుకుంటారా?"

"ఊకుంటదా! కౌంటర్ ఎక్కి కూసుంటది."

"బుచ్చమ్మకి కౌంటరు ఎక్కే మోకాళ్లు లేవు. అందుకని నేనొచ్చాను. ఆమె మొదటి రోజే మొత్తం కట్టేసింది. ఆ రోజు రేటుకి ఆమెకి రావాల్సిన డాలర్లు ఆ రోజే వచ్చేశాయి. మళ్లీ ఇప్పుడు ఎందుకు కట్టాలి?"

"గట్ల కాదు వదినా. బంగారం వేరు, డాలర్ వేరు."

"రెండూ రోజూ ఆడేవే కదండీ. ఏంటి వేరు?"

 రాజనర్సయ్య నా వైపు చూశాడు. నాకు అప్పుడు అయ్యగారి మాట గుర్తొచ్చింది. వేరే దారి లేదని తెలిసి. మెల్లగా అడిగాను. "మేం కట్టిన డబ్బుతో అప్పుడే డాలర్లు కొన్నారా రాజనర్సయ్య గారూ?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అందుకే తల గోక్కున్నాడు. "కొంత కొన్న. అక్కడి హోటళ్లకు, బస్సుకు బయానా అప్పుడే పంపిన. మిగిలింది... కాశీ బస్సుల్ల తిరుగుతున్నయ్."

"అంటే పంపినదానికి పాత రేటే పడింది."

"పడ్డది."

"కాశీకి వెళ్లిన డబ్బు మీరు మార్చలేదు."

"మార్చలే."

"మార్చాల్సిన రోజు మీరు మార్చక ఉంచారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరు మార్చక ఉంచుకున్నారు కాబట్టి మాకది మారక విలువే కదండీ?"

 కింద దోసె పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినబడింది. ముందు సైలసే నవ్వాడు. ఈసారి నవ్వు వేరేగా ఉంది.

"పట్టిండు! మారకరాజన్న పట్టిండు నర్సన్నా! ఇగ ఏమంటవ్?"

"ఏమంట? అందరు గట్లనే తీస్కుంటరు, నేను సుత గట్లనే అడిగిన," అన్నాడు రాజనర్సయ్య. గోడ మీద నేను కట్టిన పటాల వైపు ఒకసారి చూశాడు. కాశీ విశ్వనాథుడు, షిర్డీ బాబా, పెద్దమ్మ తల్లి అందరూ ఆయన్నే చూస్తున్నారు. "దేవుని యాత్రల ముసలామె ఉసురు నాకెందుకు? సరే. ఏ దినం కట్టినదానికి ఆ దినం రేటే. బుచ్చమ్మది అయిపోయింది. రూపాయి సుత కట్టొద్దు. మీరిద్దరు మూడో వాయిదాకే ఇయ్యాల్టి రేటు కట్టుండ్రి. గంతే."

"గంతేనా?" అన్నాడు సైలస్ హుషారుగా. అంతలోనే మొహం మారింది. "మరి నాది?"

రాజనర్సయ్య ఇకిలించాడు. "నీది మిగిలిందంత ఇయ్యాల్టి రేటే అన్నా. నువ్వు దిగుతది దిగుతది అని ఆగితివి గద. తెలివి ఉండాలె."

కృపామణి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. హాయిగా నవ్వాను. సైలస్ కూడా, పాపం, నవ్వాడు. అక్కడికక్కడే ఫోను తీసి, ఇంకా ఎక్కకముందే అంటూ మొత్తం కట్టేశాడు.

అక్కడి నుంచి ఎర్రమంజిల్ బస్తీకి ఆటోలో వెళ్లాం. బుచ్చమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కృపామణి మొదలుపెట్టబోయి, ఆగి నా వైపు తిరిగింది. "మీరే చెప్పండి. ఆ రోజు మీరే కదా చెప్పారు."

"బుచ్చమ్మా, మారదన్నాను కదా. మారలేదు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మడానికి ఓ నిమిషం పట్టింది. తర్వాత చింతపండు చేతులతోనే లోపలికెళ్లి కవరు తెచ్చి, అందులోంచి రబ్బరు చెప్పులు తీసి, గుమ్మం ముందు రెండూ జతగా పెట్టింది. పట్టీకి దుకాణం వాడి చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని పళ్లతో కొరికి తెంపింది.

"నేను తొడుక్కోలే అన్నా. ఇంట్ల తొడుక్కుంట అన్న గని, తొడుక్కోలే," అంది.

వారం తిరక్కుండానే రాజనర్సయ్య కొత్త కరపత్రం అచ్చు వేయించాడు. పాత ముక్క తీసేసి, 'ఏ రోజు కట్టిన సొమ్ముకు ఆ రోజు డాలరు రేటు' అని పెద్ద అక్షరాలతో వేయించాడు. దాని ప్రతి ఒకటి నా దగ్గరికి తెచ్చి పటం కట్టమన్నాడు. "ఊరంత చెప్పుకుంటున్నరన్నా. వేరే ట్రావెల్సోని దగ్గర పేర్లు రాయించుకున్నోళ్లు నా దిక్కు వస్తున్నరు." ఆ పటానికి మంచి టేకు చట్రం వేశాను. డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడది ఆయన గోడ మీద పెద్దమ్మ తల్లి కిందే ఉంది.

యాత్ర గురించి రాయాలంటే చాలా ఉంది. ఒక్క పూట సంగతి చెప్తాను. గలిలయలో పడవ ఎక్కేటప్పుడు, ఏ దేశం వాళ్లు వస్తే ఆ దేశం జెండా ఎగరేసి, వాళ్ల పాట వేయడం అక్కడి పడవల వాళ్ల అలవాటట. మాకెవరూ ముందుగా చెప్పలేదు. పడవ ఒడ్డు వదలగానే స్తంభం మీదికి మూడు రంగులు పాకాయి. జనగణమన మొదలైంది. అందరం లేచి నిలబడ్డాం. పడవ ఊగుతోంది. బుచ్చమ్మ ఒక చేత్తో నా భార్య భుజం, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని, రబ్బరు చెప్పులతో నిటారుగా నిలబడింది. ఆ పూట రూపాయి ఎక్కడుందో, డాలరు ఎక్కడుందో నాకు తెలియదు. జెండా మాత్రం పైనే ఉంది.

పాట అయిపోయాక బుచ్చమ్మ చుట్టూ చూసింది. ఆ ఒడ్డు కనిపిస్తోంది, ఈ ఒడ్డు కనిపిస్తోంది.

"అన్నా, గిదేనా సముద్రం? మన హుస్సేన్ సాగర్ లెక్కనే ఉన్నది గదా! జర పెద్దగ."

నేను కంగారుపడ్డాను. "నిజానికిది చెరువే బుచ్చమ్మా. పేరుకు సముద్రం." మళ్లీ ఓ మాట దగ్గరే తప్పు జరిగిందా అనుకున్నాను.

ఆమె వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. "అయితె ప్రభువు సుత చెరువు కాడనే తిరిగిండన్నమాట," అంది. 

మధ్యాహ్నం ఒడ్డున హోటల్లో భోజనం. ఆ చెరువు చేపనే తల, తోకతో సహా వేయించి ఒక్కొక్కరి ముందు పెట్టారు. పన్ను కట్టడానికి ప్రభువు చెబితే పేతురు పట్టిన చేప, దాని నోట్లో నాణెం దొరికిన సంగతి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందరం ప్రార్థన చేసి తినబోతుంటే, బుచ్చమ్మ తన చేపను రెండు చేతులా పట్టుకుని, వేలితో దాని నోరు తెరిచి లోపలికి తొంగి చూస్తోంది.

"ఏంటి బుచ్చమ్మా?"

"పైసలున్నయేమో అని చూస్తున్నన్నా. లేవు."

"ఉంటే ఏ దేశం డబ్బులో ఏంటో. మన రూపాయల్లోకి ఎంతొచ్చేదో," అంది కృపామణి.

సైలస్ ముల్లు తీసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు. "నన్నడగకుండ్రి వదినా. మారకరాజన్న ఉన్నడు గద, ఆయన్నడుగుండ్రి."